రెండవ యంకె : 1969 రాష్ట్రపతి యెన్నికయు, ప్రాధాన్యక్రమపు వోటు న్యాయమును

మన మహాసభ సంచికకు చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాసి పంపుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వంశచరిత్రములను, గోత్రప్రవరలను గూర్చి నాకంటె పెద్దలు వ్రాయుచునే యున్నారు. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతాంధ్రములు చెప్పిన నేను వారి త్రోవకు పోక, ఈ యేటి సభలో చర్చకు రానున్న నియమావళి సవరణమునకు సంబంధించిన చరిత్రాంశము నొకదానిని గ్రహించితిని. అధ్యక్షపదవికి మువ్వురు పోటీ చేసినపుడు ప్రాధాన్యక్రమముగా వోటు వేయుట యుచితమా యని కదా మన ముందున్న ప్రశ్న. ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన గణతంత్ర చరిత్రలో రాష్ట్రపతి పీఠము రెండవ ప్రాధాన్యముల లెక్కవలన తేలిన సందర్భ మొక్కటియే కలదు. అది 1969 ఆగస్టు మాసమున జరిగినది. ఆ పోటీలో ముఖ్యులు మువ్వురు. మువ్వురికిని ఆంధ్రులతో సంబంధము కలదు.

అప్పటికి నాకు పదియేండ్లు. మా తండ్రిగారు గ్రామ సహకార సంఘములో గుమాస్తా. అంకెలన్నచో వారికి ప్రాణము. ఫలితము వెలువడిన మఱునాటి పత్రిక సాయంకాలపు బస్సులో మా యూరికి చేరినది. ఆయన అరుగుపై కూర్చుండి, పంచాంగపు అట్ట వెనుక ఆ సంఖ్యలను దిగవ్రాసికొని కూడనారంభించిరి. ఒకమారు కూడిరి, రెండుమార్లు కూడిరి. చివర నా వైపు తిరిగి, "అబ్బాయీ, మొదట నున్న మొత్తమునకు, కడపట నున్న మొత్తమునకు పదివేల చిల్లర తక్కువ వచ్చుచున్నది. అది యెక్కడికి పోయినదిరా?" యని యడిగిరి. నే నేమి చెప్పగలను? చదువుకొన్న పెద్దలు కొందఱును ఆనాడు చెప్పలేకపోయిరి. ఆ యట్ట నాయొద్ద నేటికిని కలదు.

ఇక కథకు వత్తము. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో నుండగనే పరమపదించిరి. ఉపరాష్ట్రపతియగు వరాహగిరి వెంకటగిరిగారు తాత్కాలికముగా ఆ బాధ్యతను వహించిరి. గిరిగారు 1894లో బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించినవారు. డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదువుచు ఐర్లండు స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము పెట్టుకొని, 1916లో స్వదేశమునకు మరలి వచ్చి, కార్మికుల పక్షమున నిలిచినవారు. కాంగ్రెసు పక్షము తన యభ్యర్థిగా నెన్నుకొన్న నీలం సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరు వాస్తవ్యులు, ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రి, అప్పటికి లోకసభాపతి. స్వతంత్ర, జనసంఘ పక్షములు నిలిపిన చింతామణి దేశముఖుగారు మహారాష్ట్రులు; రిజర్వు బ్యాంకునకు గవర్నరుగను, కేంద్రమున ఆర్థికమంత్రిగను పనిచేసిన మేధావి. ఆయన 1953లో మన దుర్గాబాయమ్మగారిని వివాహమాడిరి గాన ఆంధ్రుల యల్లుడనుటలో తప్పు లేదు.

కాంగ్రెసు పెద్దలు రెడ్డిగారిని నిలుపుట ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారికి సమ్మతము గాలేదు. గిరిగారు పదవికి రాజీనామా నిచ్చి స్వతంత్రముగా పోటీకి దిగిరి. అట్టి తఱిని కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు చేసిన పనియొకటి చరిత్రమును మలుపు త్రిప్పినది. దేశముఖుగారికి మొదటి వోటు వేయువారు తమ రెండవ వోటునైన రెడ్డిగారికి వేయవలసినదని ఆయన స్వతంత్ర, జనసంఘ నాయకులతో సంప్రదించిరి. పద్ధతి నెఱిగినవాడు చేయదగిన పనియే యది. కాని యీ సంప్రదింపే ఇందిరాగాంధిగారి చేతికి ఆయుధమైనది. పరపక్షములతో పొత్తు కుదుర్చుకొనుచున్నారని ఆరోపించి, ఆమె తన పక్షమువారికి ఆజ్ఞ యిచ్చుటకు నిరాకరించి, అంతరాత్మ ప్రబోధము ననుసరించి వోటు వేయుడని చెప్పినది. కాగితముపై వేయు రెండవ యంకె ఆ సంవత్సరము నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలుటకు కారణములలో నొకటియైన దనుట అతిశయోక్తి గాదు.

16వ తేదీన వోటింగు, 20వ తేదీన లెక్కింపు జరిగెను. నామమాత్రపు వారితో కలిపి అభ్యర్థులు పదునైదుగురు. చెల్లిన వోట్ల మొత్తము విలువ 8,36,337. అందులో సగమునకు పైన ఒకటి, అనగా 4,18,169 వచ్చినవానికే పదవి. మొదటి ప్రాధాన్యములలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769, తక్కిన వారందఱికి కలిపి 8,505 వచ్చెను. ఎవ్వరికిని కావలసిన సంఖ్య రాలేదు. అప్పుడు అడుగున నున్నవారిని ఒక్కొక్కరినే తొలగించి, వారి పత్రములపై తరువాతి ప్రాధాన్యమును చూచి, ఆ పత్రములను బ్రతికియున్న యభ్యర్థుల కట్టలలోనికి చేర్చిరి. కడపట దేశముఖుగారిని కూడ తొలగింపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 నిలిచెను.

ఈ సంఖ్యలను మా తండ్రిగారివలె కొంచెము నిదానించి చూడవలెను. తొలుత గిరిగారి యాధిక్యము 87,967. తుదకు 14,650. తొలగింపబడిన వారి పత్రముల విలువ మొత్తము 1,21,274 కాగా, అందులో 91,879 రెడ్డిగారికిని, 18,562 మాత్రమే గిరిగారికిని చేరెను. నాలుగింట మూడు పాళ్లు రెడ్డిగారివైపే పోయినవన్న మాట. నిజలింగప్పగారి సంప్రదింపు వ్యర్థము కాలేదు, చాలలేదు, అంతియే. ఇంకొక్క సంగతి. ఈ యెన్నికలో ఒక పత్రము ఒక వోటు గాదు. శాసనసభ్యుని పత్రమునకు ఆ రాష్ట్ర జనసంఖ్యను బట్టి విలువ. ఆనాడు ఆంధ్రప్రదేశ శాసనసభ్యునికి 125. పార్లమెంటు సభ్యుని పత్రమునకు 576. ఈ లెక్కన పదుముగ్గురు పార్లమెంటు సభ్యులు గిరిగారి పక్షమునుండి రెడ్డిగారి పక్షమునకు మాఱియున్నచో ఫలితము తలక్రిందులయ్యెడిది.

రెండవ యంకెను చూచి లెక్కించుట యనగా కొందఱికి రెండు వోట్లిచ్చుటయే కదా యని ఆనాడు మా యూరి రచ్చబండపై వాదించినవారు కలరు. నేటికిని మన సంఘములోనే కొందఱు మిత్రు లట్లనుట వింటిని. రాజ్యాంగము 55వ అధికరణములో దీనికి పెట్టిన పేరులోనే సమాధానము కలదు. దానిని తెలుగున సంక్రమణీయమగు ఏకైక వోటు అనవచ్చును. సంక్రమణమన నేమి? సూర్యుడు ధనూరాశిని వీడి మకరమున ప్రవేశించుట మకర సంక్రమణము. అంతమాత్రమున సూర్యు లిద్దఱగుదురా? ధనుస్సునందు లేడు గాన మకరమున నున్నాడు. ఆ పత్రము కూడ నంతే. దేశముఖుగారి కట్టలో నుండగా రెడ్డిగారికి లేదు. రెడ్డిగారికి చేరినపుడు దేశముఖుగారికి లేదు. ఏ పర్యాయపు లెక్కలోనైనను ఒక్కొక్క పత్రము ఒక్కచోటనే యుండును. గిరిగారి పత్రములు కూడ రెండవ పర్యాయమున మరల లెక్కింపబడినవి. అవి చోటు మాఱలేదు, అంతే భేదము.

ఆ అధికరణమునందే అనుపాత ప్రాతినిధ్యము అని కూడ వ్రాసిరి. పదార్థము నెఱిగినవారికి అది మింగుడు పడదు. పీఠము ఒక్కటి, ఒక్క పీఠమును పాళ్లుగా పంచుట యెట్లు? పలు స్థానములున్న రాజ్యసభ యెన్నికలకు ఆ మాట చెల్లును గాని రాష్ట్రపతికి చెల్లదు. పేరులోని దోషము పద్ధతికి అంటదు లెండు.

ఈ పద్ధతి యెక్కడ పుట్టినది? ప్రతి క్రొత్త వస్తువును మన ఋషు లెఱిగియే యుండిరని చెప్పు వాడుక నాకు సమ్మతము గాదు. బౌద్ధుల వినయగ్రంథములలో రంగురంగుల శలాకలను పంచి భిక్షువుల అభిప్రాయము లెక్కించుట కలదు. ఉత్తరమేరూరు శాసనములలో, పదవ శతాబ్దమున, కుండలో పేర్ల చీటీలు వేసి తీయించుట కలదు. మొదటిది అధిక సంఖ్యాకుల నిర్ణయము, రెండవది లాటరీ. రెండును గౌరవింపదగినవే గాని ప్రాధాన్యక్రమము వానిలో లేదు. ఆ యాలోచన ఫ్రాన్సు దేశమున పదునెనిమిదవ శతాబ్దపు గణితవేత్తల వలన మొలకెత్తెను. బోర్దా యనునాతడు ఒక్కొక్క స్థానమునకు ఇన్ని గుణములని వేసి కూడవలెననెను. మన బడిలో మార్కులు కూడినట్లన్నమాట. కొండొర్సే 1785లో ప్రకటించిన గ్రంథమున, ప్రతి యభ్యర్థిని తక్కిన ప్రతివానితో జతజతగా పోల్చవలె ననెను. అట్లు పోల్చినను ఒక్కొక్కపుడు మొదటివాడు రెండవవానిని, రెండవవాడు మూడవవానిని, మూడవవాడు మరల మొదటివానిని గెలుచు చిక్కు వచ్చునని తానే చూపెను. వోటు ఒకరినుండి యొకరికి సంక్రమించు పద్ధతిని డెన్మార్కున ఆండ్రే, ఇంగ్లండున థామస్ హేర్ యనువారు 1850 తరువాత వేఱువేఱుగా కల్పించిరి. జాన్ స్టువర్ట్ మిల్లు దానిని మిక్కిలి కొనియాడెను. ఒక్క స్థానమునకు దానిని వర్తింపజేసినవాడు అమెరికాలో వేర్ అను ఆచార్యుడు, కాలము 1871.

అయితే సిద్ధాంతము చట్టమగుటకు ధర్మబుద్ధి యొక్కటియే చాలదు. ఆస్ట్రేలియా చరిత్ర దీనికి తార్కాణము. 1918 అక్టోబరులో స్వాన్ అను స్థానమునకు ఉపయెన్నిక జరిగెను. కార్మికపక్షమునకు ఎదురువారి వోట్లు చీలిపోగా, మూడవవంతునకు కొంచెము మించిన వోట్లతో కార్మికపక్షపు యువకుడు గెలిచెను. అధికారమున నున్నవారు ఉలికిపడి, కొలది వారములలోనే ప్రాధాన్యక్రమపు వోటును చట్టము చేసిరి. డిసెంబరులో కొరంగమైట్ ఉపయెన్నికయందు ఆ చట్టము పనిచేసెను. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన స్కల్లిన్ మొదటి లెక్కలో ముందుండియు, ప్రాధాన్యముల లెక్కలో రైతుపక్షపు గిబ్సన్ చేతిలో నోడెను. చట్టము చేసినవారు స్వలాభము కొఱకే చేసిరి. అయినను నూఱేండ్లు దాటి నేటికిని ఆ దేశము దానిని విడువలేదు. గిరిగారు చదివిన డబ్లిను ముఖ్యపట్టణముగా గల ఐర్లండు కూడ 1922 నుండి సంక్రమణీయపు వోటునే యవలంబించుచున్నది.

మన దేశమున రాజ్యాంగ పరిషత్తే యీ పద్ధతి వలన పుట్టినది. 1946లో రాష్ట్ర శాసనసభల సభ్యులు సంక్రమణీయపు వోటుతో ఆ పరిషత్సభ్యుల నెన్నుకొనిరి. దుర్గాబాయమ్మగారును, సంజీవరెడ్డిగారును మద్రాసు రాష్ట్రము పక్షమున ఆ సభలో సభ్యులు. ఒకరి భర్తను, రెండవవారిని ఇరువదేండ్లకు పిమ్మట ఓడింపనున్న నియమము వారు కూర్చున్న సభలోనే సిద్ధమైనది! లోకసభకు కూడ అనుపాత ప్రాతినిధ్యమును పెట్టవలెనని 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్‌గారు సవరణ ప్రతిపాదించిరి. అంబేద్కరుగారు ఒప్పుకొనలేదు. అంకెలు వ్రాయుటకు అక్షరాస్యత కావలెను, పార్లమెంటు పద్ధతిలో ప్రభుత్వమునకు స్థిరత్వము కావలెను అని వారి వాదము. ఆ కాలమునకు ఆ మాట సమంజసమే యని నా తలంపు. కాగా ప్రజలకు ఒక్క గుర్తు, ప్రజాప్రతినిధులకు అంకెల వరుస అను ద్వైతము నాడు స్థిరపడెను.

ఇప్పుడు న్యాయము మాట. 1969లో సామాన్యపు పద్ధతి యున్నను గిరిగారే గెలిచియుందురు. మొదటి లెక్కలో ముందున్నది వారే. అట్లయిన ఇంత ప్రయాస యెందుకని అడుగవచ్చును. సామాన్యపు పద్ధతిలో నూటికి నలువది యెనిమిది వోట్లతో గెలిచి, ఏబది యిద్దఱు కాదన్నవారని అనిపించుకొనవలసి వచ్చెడిది. దేశముఖుగారు పోటీకి రాకున్నచో రెడ్డిగారే గెలిచెడివారు అను వాదము తరతరములు నిలిచెడిది. ఆ వాదమునకు ఈ లెక్క తావీయలేదు. దేశముఖుగారిని కోరినవారిని కూడ, మీవాడు లేడు, ఈ యిద్దఱిలో నెవ్వరని యడిగినది. వారి జవాబును కలిపికొన్నను గిరిగారు మొత్తములో సగమును దాటిరి.

పద్ధతి నిర్దోషమని మాత్రము చెప్పజాలను. తొలగింపబడినవారి రెండవ యంకెలనే చూతురు; నిలిచియున్న గిరి, రెడ్డిగార్ల పత్రములపై రెండవ యంకె నెవ్వరును చూడరు. ఆ పత్రములలో రెండవ స్థానము దేశముఖుగారికే యుండెనేమో! జతజతగా పోల్చిన ఇద్దఱినీ ఆయనయే గెలిచెడివారేమో! నియమము ఆ ప్రశ్నను అడుగదు. అడుగని ప్రశ్నకు ఉత్తరము లేదు. అందఱికి రెండవవాడై ఎవ్వరికి మొదటివాడు గాని సౌమ్యునికి ఈ పద్ధతిలో చోటు తక్కువ. ఒక్కొక్కపుడు ఒకనికి మొదటి వోట్లు పెరుగుటయే వాని యోటమికి హేతువగు వైపరీత్యము కూడ సంభవింపవచ్చునని గణితవేత్తలు చూపిరి. 1951లో కెన్నెత్ ఆరో యను ఆర్థికశాస్త్రవేత్త, మువ్వురు లేక అంతకు మించిన యభ్యర్థులున్నపుడు న్యాయమునకు అవసరములని తోచు కొన్ని నియమముల నన్నిటిని ఏ క్రమపద్ధతియు ఒక్కసారి పాటింపజాలదని నిరూపించెను. కాబట్టి దోషములేని పద్ధతిని వెదకుట వ్యర్థము. ఏ దోషమును మనము సహింపగలమో తేల్చుకొనవలెను.

సహింపరాని దోషమేదో నేను స్వానుభవమున నెఱుగుదును. ఉద్యోగపు నడిమి కాలమున ఒక ఉపాధ్యాయ సంఘపు పదవికి నేనును, నాతో ఏకాభిప్రాయుడగు మిత్రుడొకడును పోటీ చేసితిమి. నీవు మానుకొమ్మని యాతడు, నీవే మానుకొమ్మని నేను. ఇద్దఱి వోట్లు చీలి, సభ్యులలో మూడింట రెండు పాళ్లకు ఇష్టముగాని మూడవవాడు గద్దె నెక్కెను. అతడు చెడ్డవాడు కాడు. కాని మా యిద్దఱి మైత్రి ఆఱేండ్లు చెడినది. ఒక్క రెండవ యంకె వ్రాయు వీలుండినచో ఆ కష్టము లేకపోయెడిది.

2007లో ఆంధ్రప్రదేశమున శాసనమండలి మరల ఏర్పడిన పిదప ఉపాధ్యాయ నియోజకవర్గములో నాకు తొలిసారి ఈ వోటు దక్కినది. అధికారి యిచ్చిన ఊదారంగు పెన్నుతో పేర్లకెదురుగా అంకెలు వేయవలెను. ఒకటి యను అంకె లేనిదే పత్రము చెల్లదు. ఇద్దఱికి ఒకటి వేసినను, అంకెకు బదులు టిక్కు పెట్టినను చెల్లదు. పిల్లల పరీక్షపత్రములలో సూచనలను చదువలేదని మార్కులు కోసిన మనవారి పత్రములే అక్కడ చెల్లనివిగా తేలుచున్నవని చెప్పుటకు సిగ్గగుచున్నది. అంబేద్కరుగారి శంక అక్షరాస్యతతో తీఱునది గాదేమో! 2023 మార్చిలో, సంజీవరెడ్డిగారి అనంతపురము చేరిన పశ్చిమ రాయలసీమ పట్టభద్ర నియోజకవర్గమున, మొదటి ప్రాధాన్యములలో వెనుకబడిన యభ్యర్థి తరువాతి ప్రాధాన్యముల లెక్కలో గెలుచుట మనవారందఱు చూచిరి. 1969లో జరుగనిది అక్కడ జరిగినది.

ఆ పెన్ను చేత పట్టినపుడే మా తండ్రిగారి ప్రశ్నకు సమాధానము నాకు తట్టినది. పట్టికలో నున్నవారిలో ఒక్కనికే ఒకటి వేసి ఊరకుంటిని. తక్కినవారిలో ఎవ్వడును నాకు రుచింపలేదు. నావాడు తొలగింపబడినచో నా పత్రము ఎవ్వరి కట్టలోనికి పోవును? ఎవ్వరికిని పోదు, ప్రక్కన పెట్టుదురు. 1969లో ఆ విధముగా ప్రక్కకు పోయిన పత్రముల విలువ 10,833. అది పదివేలమంది కాదు. అన్నియు పార్లమెంటు సభ్యుల పత్రములే యనుకొన్నచో పందొమ్మిదికి లోపు. దేశముఖునికి కాకున్న మఱెవ్వరికిని వద్దని వ్రాయక విడిచినవారి మౌనమది. ఆ మౌనము ఫలితమును మార్చినదా యని కూడ లెక్కవేసితిని. ఆ 10,833 అంతయు రెడ్డిగారికే చేర్చినను ఆయనకు వచ్చునది 4,16,260. గిరిగారి 4,20,077నకు 3,817 తక్కువయే.

ఈ లెక్కను పంచాంగపు అట్టపై తండ్రిగారి కూడిక క్రిందనే వ్రాసి పెట్టితిని. చూచుటకు ఆయన లేరు. సంజీవరెడ్డిగారు 1977లో మరల నామపత్రము దాఖలు చేసిరి. ఆ మాఱు వచ్చిన నామపత్రములు ముప్పదియేడు. ముప్పదియాఱు తిరస్కృతములై, ఆయన యొక్కరే నిలిచిరి. లెక్కించుటకు ఒక్క వోటైనను లేకయే ఆ జూలై 25వ తేదీన ప్రమాణస్వీకారము చేసిరి.